కాంఫ్రీ ఆకుకు బలం ఎక్కడిది?

పోయిన కార్తీక మాసంలో మా పెద్దమ్మ ఊరి నుంచి హనుమకొండకు వచ్చింది. పెరట్లో నీలం డ్రమ్ము మూత ఎత్తి చూసి, వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏందిర ఇది, గొడ్డు సచ్చినట్టు వాసనొస్తుంది" అంది. కాంఫ్రీ అని సీమ మొక్క, దాని ఆకు మురగబెట్టిన నీళ్లు, టమాటకు పోస్తే మంచి బలం అని చెప్పాను. ఆమె డ్రమ్ము వదిలేసి గోడ వారన ఉన్న మొక్క దగ్గరికి పోయి, ఒక ఆకును వేళ్ల మధ్య రాస్తూ అడిగింది: "మరి దీనికి ఆ బలం ఏడికెల్లి వచ్చింది బిడ్డా? ఇది మొలిసిన కాడ ఏం తక్కువైతది?"

కాంఫ్రీ గురించి నేను చూసిన వీడియోల్లో ఎవరూ వేయని ప్రశ్న అది. "భూమి లోతుల్లోంచి ఖనిజాలు తోడి తెస్తుంది", "నత్రజని గని", "పొటాష్ మందు కొననక్కర్లేదు", "విరిగిన ఎముకలు అతికిస్తుంది" అని అన్నీ ఒకే ఊపులో చెప్పేస్తారు. ఈ నాలుగు మాటల్లో ఒకటి సగం నిజం, ఒకటి తప్పు, ఒకటి నిజమే గాని లెక్క తెలిసి వాడాల్సింది, నాలుగోది ప్రమాదం. మిద్దెతోటల వాళ్లు దుంప ముక్క ఒక్కోటి వందలు పెట్టి తెప్పించుకుంటున్నారు కాబట్టి ఈ చిక్కుముడి విప్పి చూడటం అవసరం.

ముందు మొక్క సంగతి. కాంఫ్రీ యూరప్, పడమటి ఆసియా చల్లటి నేలల మొక్క. మన తేలుకొండి చెట్టు కుటుంబమే. తేలు కొండిలా పూలగుత్తి వంకర తిరగడం రెంటిలోనూ చూడొచ్చు. ఆకు మూరెడు పొడవు, గాడిద చెవిలా ఉంటుంది. రెండు వైపులా గరుకు నూగు, చేతికి దురద పెడుతుంది. తుంచితే బెండకాయ జిగురు లాంటిది సాగుతుంది. ఆ జిగురే దీన్ని తోటల్లోకి తెచ్చింది. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో హెన్రీ డబుల్‌డే అనే ఆయన తపాలా బిళ్లల వెనక పూసే జిగురు కోసం 1870లలో రష్యా నుంచి ఈ మొక్కలు తెప్పించాడు. జిగురు పని కాలేదు. మొక్క మాత్రం కోసిన కొద్దీ ఆకు ఇస్తూనే ఉంది. 1954లో లారెన్స్ హిల్స్ అనే తోటల రచయిత అదే ఎసెక్స్‌లోని బాకింగ్ అనే ఊళ్లో, డబుల్‌డే పేరు మీదే ఒక పరిశోధన సంఘం పెట్టి, రకరకాల కాంఫ్రీలను వరుసల్లో నాటి పోల్చి చూశాడు. తోట ఎరువుకు బాగుందని తేలింది 14వ నంబరు. దాన్నే నేటికీ బాకింగ్ 14 అంటారు.

ఈ బాకింగ్ 14కు విత్తనం కట్టదు. వేరు ముక్కలతోనే పెంచాలి. అందుకే ఎవరైనా "బాకింగ్ 14 విత్తనాలు" అని ప్యాకెట్ అమ్మితే లోపల ఉన్నది అది కాదు. నేను మొదట మోసపోయింది అక్కడే. ఇరవై గింజలు వచ్చాయి, మూడు మొలిచాయి, ఆ మూడూ వేరే ఏదో మొక్క. తర్వాత నీలగిరి కొండల్లో తోట ఉన్న స్నేహితుడి దగ్గరి నుంచి రెండంగుళాల వేరు ముక్కలు మూడు తెచ్చుకున్నాను.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్న. కాంఫ్రీ వేరు లోతుకు దిగడం నిజం. కాని వేరు లోతుకు దిగడం వేరు, అక్కడి నుంచి తిండి పైకి తేవడం వేరు. గాలి, తేమ, కుళ్లే పదార్థం, సూక్ష్మజీవులు ఉండేది పై జానెడు రెండు జానల మట్టిలో. ఏ మొక్కకైనా పోషకాల్లో పెద్ద వాటా అక్కడి నుంచే అందుతుంది. కింది పొర నుంచి వచ్చేది ప్రధానంగా కరువు రోజుల్లో నీళ్లు. పైగా మన వైపు చెలకల్లో గడ్డపారతో రెండడుగులు తవ్వితే మొరం ఖంగుమంటుంది. దాని కింద తోడుకునే గని ఏదీ లేదు.

కుండీలో ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మిద్దె మీద అడుగున్నర లోతు కుండీలో కాంఫ్రీ పెట్టామనుకోండి. దాని వేరుకు కింద తగిలేది ప్లాస్టిక్. ఆ కుండీలో మనం వేసిన పెండ ఎరువు, వర్మీ కంపోస్టు, మట్టిలో ఉన్న పోషకం, ఇవే ఆకులోకి ఎక్కుతాయి. ఆ ఆకు కోసి మురగబెట్టి టమాట కుండీలో పోస్తే, కాంఫ్రీ కుండీలోది టమాట కుండీలోకి మారింది. అంతే. కాంఫ్రీ కుండీకి మళ్లీ ఎరువు వేయకపోతే మూడు కోతలకు ఆకు చిన్నదై, పచ్చదనం తగ్గిపోతుంది. నా దగ్గర రెండో ఏడు అదే జరిగింది. పోషకాన్ని ఏ మొక్కా పుట్టించదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తుంది. ఒక్క నత్రజని విషయంలోనే, అదీ కొన్ని మొక్కలకే, గాలిలోంచి తెచ్చుకునే దారి ఉంది.

కాంఫ్రీ ఆ కొన్ని మొక్కల్లో లేదు. ఆకులో నత్రజని బాగానే ఉంటుంది, కాని అది మట్టి నుంచి తీసుకున్నదే. ఒకసారి నెల రోజుల జీలుగ మొక్కను తడి మట్టిలోంచి మెల్లగా పీకి, వేర్లు నీళ్లలో జాడించి చూడండి. ఆవగింజంత, కందిగింజంత బుడిపెలు ఉంటాయి. ఒకటి గోటితో చిదిమితే లోపల నెత్తురు చారలా ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా పని చేస్తోందని ఆ ఎరుపే గుర్తు. కాంఫ్రీ వేరు చీలిస్తే పైన నలుపు, లోపల తెలుపు, జిగురు. బుడిపె ఒక్కటీ ఉండదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మన బతుకమ్మ తంగేడు చిక్కుడు కుటుంబపుదే, కాయ కూడా అలాగే కాస్తుంది, కాని దాని వేరుకూ ఈ బుడిపెలు రావు. కుటుంబం పేరు చూసి నత్రజని లెక్క కట్టకూడదు.

ఇక మూడోది, పొటాష్. ఇక్కడ కాంఫ్రీకి దక్కాల్సిన మెప్పు దక్కాలి. ఆకులోని నత్రజని మాంసకృత్తుల్లో ముడిపడి ఉంటుంది, సూక్ష్మజీవులు దాన్ని విడగొడితే గాని వేరుకు అందదు. పొటాష్ ఎరువులో ఉండే పోషకమైన పొటాషియం అలా కాదు. అది కణాల రసంలో, నీళ్లలో ఉప్పు కరిగినట్టు కరిగి ఉంటుంది. ఆకు నలిగి కణం పగిలితే చాలు, బయటికి వచ్చేస్తుంది. కాంఫ్రీ ఆకులో పీచు తక్కువ, నీళ్లు ఎక్కువ, కార్బన్‌కు జతగా ఉండే నత్రజని గడ్డిలో కంటే ఎక్కువ. అందుకే గడ్డిలా నెలలు పట్టకుండా రోజుల్లోనే కరిగి గుజ్జవుతుంది. దీనికి పోలికగా కల్లం దగ్గర వరిగడ్డి వాము చూడండి. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలోనే ఉంటుంది. గడ్డిలోని పీచు కుళ్లడానికి నెలలు పట్టినా, నాలుగు వానలు పడితే అందులోని పొటాష్ కడుక్కుని పోతుంది. పాత రోజుల్లో సొరపాదుకు పొయ్యి బూడిద చల్లింది దీని కోసమే. పొటాష్ అన్న మాట కూడా కుండలో కాచిన బూడిద నుంచి పుట్టిందే.

ఎంత పొటాష్ అన్నది కాగితం మీద పెట్టి చూద్దాం. కిలో పచ్చి కాంఫ్రీ ఆకులో పదింట తొమ్మిది పాళ్లు నీళ్లే. మిగిలేది దాదాపు 100 గ్రాముల పదార్థం. అందులో పొటాష్ 5 శాతం ఉందనుకుంటే 5 గ్రాములు. సంచిలో వచ్చే పొటాష్ ఎరువు ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్)లో పొటాష్ 60 శాతం. అంటే కిలో ఆకు ఇచ్చేది సుమారు 8 గ్రాముల ఎంఓపీతో సమానం, చెంచాన్నరకు మించదు. మరో వైపు, కిలో టమాట పండ్లు తమతో తీసుకుపోయే పొటాషియం రెండున్నర గ్రాములకు కొంచెం తక్కువ. పొటాషియంను ఆక్సిజన్‌తో కలిపి తూచే ఎరువుల లెక్కలో అది మూడు గ్రాముల పొటాష్. ఒక మొక్క మూడు కిలోలు కాస్తే 9 గ్రాములు కావాలి. అంటే పండ్లతో పోయింది తిరిగి పెట్టడానికే మొక్కకు దాదాపు రెండు కిలోల పచ్చి ఆకు. ఇరవై టమాట మొక్కలకు నలభై కిలోలు! "రెండు కాంఫ్రీ మొక్కలతో మిద్దెతోట మొత్తానికి సరిపోతుంది" అనే మాట ఈ లెక్క ముందు నిలవదు.

అంతమాత్రాన ఆకు నీళ్లు దండగ అనను. కుండీలో రోజూ నీళ్లు పోస్తుంటే పొటాష్ కింది రంధ్రంలోంచి కారిపోతూనే ఉంటుంది. ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ, నల్లరేగడిలా పట్టి ఉంచుకోదు. అలాంటి చోట ఒకేసారి గుప్పెడు ఎరువు వేయడం కంటే పది రోజులకోసారి పలచటి నీళ్లు పోయడం మేలు. పైగా మన దేశానికి పొటాష్ దాదాపు అంతా బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చేదే. ఇంట్లో దొరికే ఆకు, అరటి తొక్క, బూడిద వృథా కాకుండా కుండీకి తిరిగి చేరితే మంచిదే. కంపోస్టు, పశువుల ఎరువు వేసి, దాని మీద ఈ నీళ్లు చిరుతిండిలా ఇవ్వాలి. ఇదొక్కటే తిండి అనుకుంటే మొక్క పస్తులుంటుంది.

మురగబెట్టడానికి రెండు దారులు. మొదటిది మా డ్రమ్ము పద్ధతి. కిలో ఆకు తరిగి పది పదిహేను లీటర్ల నీళ్లలో ముంచి, పైన రాయి పెట్టి, మూత వేయాలి. ఇంగ్లండ్ వాళ్లు నాలుగు వారాలు అంటారు. మన ఎండకు పది పన్నెండు రోజులు చాలు, ఏప్రిల్‌లో ఎనిమిదికే అయిపోయింది. మూత ఎత్తితే పైన బూడిద రంగు పొర, దాన్ని కర్రతో పక్కకు నెడితే కింద నల్లటి నీళ్లు. ఆ పొర కింద బుడగలు ఒక్కొక్కటిగా పైకి వచ్చి పగులుతుంటాయి. ఆకులో మాంసకృత్తులు ఎక్కువ, లోపల గాలి లేదు, అందుకే అంత కంపు. వాసన ఎక్కువైతే మందు బలంగా ఉందని కొందరు సంబరపడతారు. ఆ కంపుతో పాటు గాలిలోకి పోయే అమ్మోనియా మొక్కకు అందాల్సిన నత్రజనే. రెండో దారి, నీళ్లు లేకుండా. అడుగున రంధ్రం పెట్టిన బకెట్‌లో ఆకు కుక్కి, పైన ఇటుక పెడితే నల్లటి చిక్కటి రసం బొట్టు బొట్టుగా కింది సీసాలోకి దిగుతుంది. కంపు చాలా తక్కువ. దీన్ని పది పదిహేను రెట్లు నీళ్లు కలిపి పోయాలి. చోటు తక్కువున్న ఫ్లాట్ల వాళ్లకు ఇదే నయం. ఏ దారైనా పలచటి టీ డికాక్షన్ రంగుకు వచ్చేదాకా నీళ్లు కలిపి, తడి మట్టి మీద, మొక్క మొదలు దగ్గర పోయాలి. కొత్తిమీర, పుదీనా, పచ్చిగా తినే ఏ ఆకు మీదా చల్లకూడదు. మురిగిన నీళ్లలో పెరిగే క్రిములు ఆకు మీదే ఉండిపోతాయి. డ్రమ్ము మూత మీద దోమతెర గుడ్డ కట్టడం వానాకాలంలో తప్పనిసరి.

మన దగ్గర ఈ మొక్క బతుకుతుందా అంటే, బతుకుతుంది, సుఖంగా కాదు. వేరు ముక్కలు స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు చివర, రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టాను. మూడు వారాలకు చిగురు. చలికాలం నాలుగు నెలలూ చూడముచ్చటగా పెరిగింది, మూడు కోతలు ఇచ్చింది. మార్చి తిరిగేసరికి మధ్యాహ్నం ఆకులు తడిగుడ్డల్లా వేలాడటం మొదలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెకు, పొద్దున సాయంత్రం నీళ్లు పోస్తున్నా, పైన ఏమీ మిగల్లేదు. మునగ చెట్టు నీడన, తూర్పు గోడ వారన వరిగడ్డి పరిచి పెట్టిన రెండు దుంపలు జూన్ చివరికి మళ్లీ చిగిర్చాయి. ఎండలో పెట్టిన మూడోది కుళ్లిపోయింది. జులై ముసుర్లో నీళ్లు నిలిస్తే మిగిలినవీ పోతాయి, కాబట్టి మడి ఎత్తుగా ఉండాలి. ఒక్క విషయం: నచ్చిన చోట పెడితే దాన్ని మళ్లీ తీసేయడం కష్టం. మట్టిలో మిగిలిన చిన్న వేరు ముక్క కూడా మొలుస్తుంది. వేసవిలో ఒక ఆకు మొక్కకు పోసే నీళ్లతో రెండు వంగ మొక్కలు కాయించుకోవచ్చు. వరంగల్ ఎండలకు ఇది నాకు పెద్ద అభ్యంతరం.

నాలుగో మాట, మందు. కాంఫ్రీలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషాలున్నాయి. ఇవి కాలేయంలోని సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. అమెరికాలో 2001లో ఆహార, ఔషధ సంస్థ తినే రూపంలో ఉన్న కాంఫ్రీ ఉత్పత్తులను మార్కెట్ నుంచి తీసేయమంది. పకోడీలు వేసుకోవచ్చని, టీ కాచుకోవచ్చని, బర్రెలకు మేపవచ్చని చెప్పే వాళ్ల మాట దయచేసి వినకండి. పుండు మీద కూడా రుద్దవద్దు.

ఈ విషం మనకు పరాయిది కాదు. 1970లలో, గోదావరి అవతల ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతంలో పొట్టలు ఉబ్బి, కాలేయం చెడి జనం చనిపోయారు. సామల్లో కలిసిన ఒక కలుపు మొక్క గింజలే కారణమని వైద్యులు తేల్చారు. అది మన జనుముకు దగ్గరి చుట్టం, అందులో ఉన్నదీ ఈ విషాల గుంపే. మరి ఆకు నీళ్లు పోసిన మొక్కలోకి విషం ఎక్కదా? ఇదే గుంపు విషాలున్న వేరే కలుపు మొక్కలను మట్టి మీద పరిస్తే, అవి కుళ్లేటప్పుడు కొద్దిపాటి విషం పక్క మొక్కల్లోకి చేరిందని జర్మనీలో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. టమాట, వంగ, మిరప లాంటి కాయల మొక్కలకు మొదలు దగ్గర పలచగా పోయడానికి నేను వెనకాడను. పాలకూర, తోటకూర మడులకు మాత్రం కాంఫ్రీ నీళ్లు మానేశాను.

అయితే కాంఫ్రీ చేసే పనికి కాంఫ్రీయే కావాలా? దాని గుణం ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా: త్వరగా కుళ్లే మెత్తటి ఆకు, అందులో పొటాష్, నత్రజని, కోసిన కొద్దీ మళ్లీ రావడం. ఆ గుణాలున్న ఆకు మన గెట్ల మీదే ఉంది.

గ్లైరిసీడియా చూడండి. చేతివేలి లావు కొమ్మ నాటితే బతుకుతుంది, మే నెల ఎండకు చావదు, ఏడాదికి మూడు నాలుగు సార్లు కొమ్మ కొట్టుకోవచ్చు, పైగా వేరుకు బుడిపెలున్నాయి. కాంఫ్రీ తేలేని నత్రజని ఇది గాలిలోంచి తెస్తుంది. ఉపాధి హామీ పనుల్లో గెట్ల మీద పెట్టిన చెట్లు చాలా ఊళ్లలో కొట్టేవాళ్లు లేక ఏపుగా పెరిగి ఉన్నాయి. ఆకు రెమ్మల నుంచి దూసి, అదే డ్రమ్ములో, అదే కొలతలో వేశాను. పది రోజులకు నీళ్లు తయారు, వాసన కూడా అదే. పొటాష్ కొంచెం తక్కువ అనిపిస్తే అరటి బోదె తరిగి కలపొచ్చు, అందులో పొటాష్ దండిగా ఉంటుంది.

చేనులో వానలకు దట్టంగా పరుచుకునే గలిజేరు, ముళ్లతోటకూర కూడా పొటాష్‌ను బాగా పోగు చేసుకునే కలుపు మొక్కలే. గింజ కట్టక ముందే పీకి డ్రమ్ములో వేస్తే, చేనులోంచి దొంగిలించింది చేనుకే తిరిగి కక్కుతాయి. గడ్డి మందు కొట్టిన చేనులోవి మాత్రం తేవద్దు. గుర్రపు డెక్కలో కూడా పొటాష్ ఉంది, కాని పట్నం మురుగు కలిసే చెరువుల్లోది నేను ముట్టను. మురుగులో వచ్చే లోహాలను ఆ మొక్క పీల్చుకుని దాచుకుంటుంది. నేల ఉన్నవాళ్లకు ఇంత తతంగం కూడా అక్కర్లేదు. తొలకరికి జీలుగో పిల్లిపెసరో చల్లి, పూత దశలో, నలభై అయిదు రోజుల ప్రాంతంలో కలియదున్నితే సరి. ఆలస్యమైతే కాడ ముదిరి కట్టె అవుతుంది, కుళ్లడం ఆలస్యమవుతుంది.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఈ సంగతులన్నీ పెద్దమ్మకు చెప్పాను. ఆమె ఇంటి వెనక చెలక చూపించింది. మిషన్ కాకతీయ మొదలైన 2015లో చెరువు పూడిక తీస్తే, పెదనాన్న ముప్పై ట్రాక్టర్ల మట్టి తోలించిన చెలక అది. "ఇది గంతే గద బిడ్డా. వానకు మన చెలక బలమంత కొట్టుకవోయి చెర్ల వడ్డది. మల్ల తెచ్చి పోసుకున్నం" అంది. చెరువు అడుగున చేరేది సన్నటి బంకమట్టి. పొటాష్‌ను, తేమను పట్టి ఉంచే గుణం దానిదే. ఎర్ర ఇసుక చెలకకు లేనిది సరిగ్గా అదే. ఆ మట్టి పడిన మూలన మిరప తోట ఆకు ఇప్పటికీ ముదురు పచ్చగా తెలుస్తుంది.

వచ్చేటప్పుడు రెండు సిమెంటు సంచుల నిండా ఆ మట్టి తెచ్చుకుని, టమాట కుండీల్లో మూడో వంతు కలిపాను. గెట్టు మీది గ్లైరిసీడియా కొమ్మలు ఆరు కూడా కొట్టి తెచ్చి గోడ పొడుగునా పాతాను, నాలుగు చిగురు వేశాయి. కాంఫ్రీ దుంపలు రెండూ మునగ నీడనే ఉన్నాయి. వాటి పూల మీదికి పొద్దున తేనెటీగలు వస్తాయి, అందుకోసం ఉంచుకున్నాను. చలికాలం కోతల ఆకు చిక్కటి రసానికి, మిగతా ఏడాదంతా డ్రమ్ములోకి గ్లైరిసీడియా.